కిటికీకి వేసిన బైండింగు

పెద్దకొడుకు పనిమంతుడు. ఆ మాట శత్రువైనా ఒప్పుకోవాలి. పెరటి వైపు కిటికీ రెక్కలు దగ్గరగా మూసి, మధ్య సందు మీద కాలికో గుడ్డ పట్టీ అతికిస్తుంటే ఎక్కడా ఒక్క ముడత రాలేదు. పుస్తకం వెన్నుకి వేసినట్టే వేశాడు. ముందు జిగురు పలచగా పూశాడు, పట్టీని పైనుంచి కిందికి జారవిడిచాడు, మడత బద్దతో మధ్య నుంచి అంచులకి రుద్దుతూ లోపలి గాలినంతా బయటికి నెట్టాడు. చెక్కకీ గోడకీ మధ్య వెంట్రుక మందం పగుళ్ళుంటే వాటినీ వదల్లేదు.

జిగురు గిన్నె పట్టుకుని చిన్నకోడలు పక్కన నిలబడింది. పొద్దున్నే తను కాచిన మైదా జిగురు అది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసింది కూడా తనే. బడి లైబ్రరీ పుస్తకాల కోసమని కాచింది, కిటికీ కోసమని తెలిస్తే కాచేది కాదు. ఆ మాట అందామనుకుంది. కానీ బావగారి ముందు ఆమె అనుకున్నవి అనుకున్నట్టే ఉండిపోవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు.

మూసిన రెక్కల అవతల నుంచి దగ్గు వినిపించింది. దగ్గు తెరిపిచ్చాక గొంతు వినిపించింది.

"ఎవర్రా రుద్దుతున్నది?"

పెద్దకొడుకు చెయ్యి ఆగింది. "నేనే నాన్నా."

"బద్ద నిలువుగా పట్టావు, చప్పుడు తెలుస్తోంది. ఏటవాలుగా పట్టు. లేకపోతే గుడ్డ సాగి, ఆరాక ఊడొస్తుంది."

పెద్దకొడుకు బద్దని ఏటవాలుగా తిప్పి పట్టుకున్నాడు. నలభై ఏళ్ళు బైండింగు చేసిన మేస్త్రీ చెప్పిన మాట మరి. తన కిటికీకి తన కొడుకు వేస్తున్న బిరడా గట్టిగా ఉండాలని ఆ ముసలాయన కోరుకుంటున్నాడో, పనిలో తప్పు కనబడితే నోరు ఊరుకోక అన్నాడో చిన్నకోడలికి తెలియలేదు. 

మామగారికి వచ్చింది టీబీ. అందులోనూ మామూలు మందులకి లొంగని రకం. ఆర్నెల్లుగా దగ్గుతూనే ఉన్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. కాయితం దుమ్ములో బతికే ఇంట్లో దగ్గని వాడెవడు? మనిషి సగమయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ రెండు వారాలు ఉంచి, వేరే మందులు మొదలుపెట్టి, నిన్ననే ఇంటికి పంపారు. పంపేటప్పుడు డాక్టరు పావుగంట సేపు విడమరిచి చెప్పాడట. పెద్దకొడుక్కి అందులో ఒక్కటే వినిపించింది, దూరంగా ఉండాలని.

అందుకని వెనక వైపు అట్టల గది ఖాళీ చేయించి, ఒక మంచం వేయించాడు. సగం అట్టలు అక్కడే ఉండిపోయాయి. వాటికి వేరే చోటు లేదు. గదికి ఉన్న ఒక్క కిటికీ పెరట్లోకి తెరుచుకుంటుంది, పెరట్లో పిల్లలు ఆడుకుంటారు. కాబట్టి కిటికీకి పట్టీలు. నడవాలోకి ఉన్న తలుపు కింద మడిచిన గోనెగుడ్డ. జబ్బు బయటికి వచ్చే దారి లేకుండా కట్టుదిట్టం చేశాననుకున్నాడు.

అన్నీ కుదిరాయి. మరి లోపలికి వెళ్ళేదెవరు? ఆ సంగతి మధ్యాహ్నం తేలింది, ముందు గదిలో, పుస్తకాలు బిగించే ప్రెస్సు పక్కన. పెద్దకోడలు ముందే చెప్పేసింది.

"నాకు సుగరు. పైగా ఇద్దరు పిల్లల తల్లిని. వీళ్ళిద్దరూ మగాళ్ళు, పడకేస్తే పని ఆగిపోతుంది." అని, తోడికోడలి భుజం మీద చెయ్యి వేసింది. చాలా మెత్తగా వేసింది. "నువ్వైతే... ఏమీ అనుకోకు చెల్లీ. నీకు పిల్లలు లేరు కదా."

చిన్నకోడలు భర్త వైపు చూసింది. అతను దారపు ఉండలో కొస కోసం వెతుకుతున్నాడు. కొస చేతిలోనే ఉంది, అయినా వెతుకుతున్నాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ ఇంట్లో మెత్తనివాళ్ళు ఇద్దరుంటే, ఇద్దరూ ఒకరినొకరు పెళ్ళి చేసుకున్నారు.

"సరే అక్కా," అంది.

*

పెద్దకోడలు ఒక స్టీలు పళ్ళెం, ఒక గ్లాసు తీసి, వాటి అంచుల మీద గోళ్ళ రంగుతో ఎర్రచుక్క పెట్టింది. ఆ చుక్క ఉన్నవి పెరటి కుళాయి దగ్గరే కడగాలి, మిగతా గిన్నెల్లో కలవకూడదు. తువ్వాలు వేరు, సబ్బు వేరు. చిన్నకోడలు లోపలికి వెళ్ళేటప్పుడు ముక్కుకి చేతిరుమాలు కట్టుకోవాలి. వచ్చాక స్నానం చెయ్యాలి. ఇన్ని నియమాలు పెట్టినవాళ్ళలో ఒక్కరు కూడా నడవా దాటి అటు వెళ్ళలేదు.

చిన్నకోడలు తనకి తనే ఇంకొక నియమం పెట్టుకుంది. తలుపు దగ్గర గుండెల నిండా గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళడం. పళ్ళెం స్టూలు మీద పెట్టడం, పాతది తియ్యడం, నీళ్ళ చెంబు మార్చడం, మాత్రల పొట్లం అందుబాటులో ఉంచడం. ఇదంతా లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ చేసేది. మొదటిరోజు ఇరవై దాకా వచ్చింది. రెండో రోజుకి ముప్ఫై. బయటికొచ్చి తలుపు మూశాక, గోడకి ఆనుకుని రొప్పేది. ఆ రొప్పులో ఎంత గాలి లోపలికి పోతోందో ఆమెకి తోచలేదు.

గదిలో పొద్దున పదింటికే చీకటిగా ఉండేది. అట్టల వాసన, మందుల వాసన, మనిషి వాసన కలిసి కదలకుండా నిలబడి ఉండేవి. ఆమె తలుపు తియ్యగానే మామగారు గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఒక్కమాట మాట్లాడేవారు కాదు. ఆమె ఉన్నంతసేపూ ఆ వీపు బిగుసుకుని ఉండేది.

దానికి ఆమె చాలా బాధపడింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె చేతికి సూది ఇచ్చింది ఆయనే. మడిచిన కాయితాల ఫారాలు ఎలా పేర్చాలో, దారానికి మైనం ఎంత రాయాలో, ముడి వెన్ను మీద ఉబ్బెత్తుగా రాకుండా ఎలా వెయ్యాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే. "అమ్మాయి కుట్టిన పుస్తకం చింపాలంటే కాయితం చిరగాలి గానీ కుట్టు తెగదు," అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. అలాంటి మనిషి ఇప్పుడు మొహం చూడ్డం లేదు. కిటికీకి పట్టీలు వేస్తుంటే జిగురు గిన్నె పట్టుకున్నది తనే కదా, ఆ కోపం అయి ఉంటుందనుకుంది.

బుధవారం పొద్దున నీళ్ళ చెంబు పట్టు జారింది. నీళ్ళు మంచం కిందికి పారాయి. ఆమె వంగి తుడవడం మొదలుపెట్టింది. ఇరవై అయింది, ముప్ఫై అయింది, ముప్ఫై ఎనిమిది అయింది. ఇక ఆగలేక బుస్సుమని వదిలేసింది. సరిగ్గా అదే క్షణంలో గోడ వైపు నుంచి కూడా బుస్సుమని శబ్దం వచ్చింది. వెంటనే దగ్గు. మామగారు దిండులో మొహం దాచుకుని, గోడని గుద్దుకునేలా దగ్గారు.

దగ్గు తగ్గాక, అటు తిరిగే అడిగారు. "ఎంతదాకా లెక్కపెట్టావే అమ్మాయ్?"

"ముప్ఫై ఎనిమిది."

"నేను నలభై రెండు. నీ అడుగుల చప్పుడు వినబడగానే మొదలుపెడతాను." ఆయన నవ్వబోయారు, అది మళ్ళీ దగ్గైంది. "వెళ్ళు, వెళ్ళు. రేపట్నించి గుమ్మంలో పెట్టిపో. నేనే పాక్కుంటూ వచ్చి తీసుకుంటాను. ఈ మాయదారి ఊపిరి నీకు తగలకూడదనే గోడకి తిరుగుతున్నా. గోడకైతే ఊపిరితిత్తులు లేవు కదా."

ఆమె తుడిచిన గుడ్డ చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది. ఆ రోజు స్నానం చేస్తూ చాలాసేపు ఏడ్చింది. కోపం లేదని తెలిసినందుకు సంతోషమో, భయమో, రెండూనో. భయం మాత్రం నిజంగానే ఉంది. ఒంట్లో చిన్న నలత అనిపించినా, గొంతులో ఏదో అడ్డం పడినట్టున్నా, వచ్చేసిందేమో అని గుండె జారేది. తనకొస్తే తనకి పళ్ళెం పట్టుకొచ్చేదెవరు? ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించినా ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో మనిషి దొరకలేదు.

మొగుడు సోమవారం సాయంత్రమే తన చాప వసారాలోకి మార్చుకున్నాడు. "ఉక్కగా ఉంది లోపల," అన్నాడు. ఉక్కేమీ లేదు. ఆమె ఎదురుపడితే తేలు కుట్టిన దొంగలా తల దించుకుని, కట్టిన పుస్తకాల కట్టలు సైకిలు మీద వేసుకుని వెళ్ళిపోయేవాడు.

పని మాత్రం ఆగలేదు. బడి తెరిచేలోగా లైబ్రరీ పుస్తకాలు రెండొందల పైచిలుకు కుట్టి ఇవ్వాలి. ముందు గది చాలా పెద్దది. ఎదురెదురుగా రెండు నిలువెత్తు కిటికీలు ఉన్నాయి. అవి తెరవగా చూసినవాళ్ళు లేరు. గాలి వస్తే విప్పిన కాయితాలు ఎగిరి వరస తప్పుతాయి, జిగురు తొందరగా ఆరి అట్ట వంకర పోతుంది. మామగారి కాలం నుంచీ అదే పద్ధతి. మూసిన కిటికీల మధ్య పెద్దకొడుకు అట్టలు కోస్తూ దగ్గేవాడు. "దుమ్ము," అనేవాడు, ఎవరూ అడక్కుండానే.

*

గురువారం ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వచ్చింది. పొట్టిగా, లావుగా ఉండే మనిషి. భుజాన పెద్ద సంచీ, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు. వస్తూనే, "పేషెంటు ఎక్కడ?" అంది. చిన్నకోడలు దారి చూపించింది. తలుపు కింద గోనెగుడ్డ చూసి నర్సమ్మ ఆగింది. మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్ళి, కిటికీ రెక్కల సందులో వేలు పెట్టి, బయటినుంచి అతికించిన పట్టీని తడిమి చూసింది.

"ఇదెవరు చేశారు?"

"మా బావగారు," అంది చిన్నకోడలు.

"ఎంత నున్నగా చేశాడమ్మా! చీమ కూడా దూరదు." నర్సమ్మ గట్టిగానే అంది, నడవా చివర నిలబడ్డ వాళ్ళందరికీ వినబడేలా. "ఈయన దగ్గిన ప్రతి దగ్గూ ఈ గదిలోనే ఉండేలా మూత వేసి, ఆ మూత లోపలికి రోజుకి మూడుసార్లు ఈ పిల్లని పంపుతున్నారన్నమాట. చంపాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం ఉండదు."

నర్సమ్మ ఎర్రచుక్క పళ్ళెం తీసి తిప్పి చూసింది.

"ఇది పళ్ళెంతో అంటుకునే జబ్బు కాదు. బట్టలతో కాదు, ముట్టుకుంటే కాదు. గాలితో. దగ్గితే గాల్లోకి వస్తుంది, మూసిన గదిలో గంటల తరబడి ఉంటుంది. కిటికీ తీస్తే కొట్టుకుపోతుంది. ఆరుబయట ఆడుకునే పిల్లలకి ఈ కిటికీలోంచి ఏమీ రాదు. తియ్యండి. మనుషులొచ్చినప్పుడు పెద్దాయన మాస్కు పెట్టుకోవాలి. లోపలికి వెళ్ళేవాళ్ళు ఇది పెట్టుకోవాలి." అని సంచీలోంచి మందమైన తెల్ల మాస్కు ఒకటి తీసి, చిన్నకోడలి మొహానికి పెట్టి, తాళ్ళు రెండూ తల వెనక లాగి, ముక్కు మీది రేకుని రెండు వేళ్ళతో నొక్కింది. "ఊదు. పక్కలనుంచి గాలి పోతోందా? పోతోంది. మళ్ళీ నొక్కుకో. ఇప్పుడు ఊదు. ఆఁ, అలా ఉండాలి. చేతిరుమాలు కట్టుకుని వెళ్ళావా ఇన్నాళ్ళూ?"

"ఊపిరి కూడా బిగబట్టానండీ," అంది చిన్నకోడలు, మాస్కు లోపలి నుంచి.

నర్సమ్మ నవ్వబోయి మానేసింది. "మందులు మానకుండా వేసుకుంటే ఈయన దగ్గులో క్రిములు తగ్గుతాయి. అందాకా గాలి, వెలుతురు, మాస్కు. అంతే. మిగతాదంతా మనిషిని వెలి వెయ్యడానికే పనికొస్తుంది." అని నడవాలోకి వచ్చి అందర్నీ వరసగా చూసింది. "ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా?"

"నాకున్నది దుమ్ము దగ్గు," అన్నాడు పెద్దకొడుకు.

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నర్సమ్మ కఫానికి డబ్బా ఒకటి అతని చేతిలో పెట్టి, శుక్రవారం అందరూ ఎక్స్‌రే తీయించుకోవాలని, పిల్లల్ని కూడా తీసుకురావాలని కాయితం రాసిచ్చి వెళ్ళింది.

ఆమె వీధి మలుపు తిరిగే దాకా పెద్దకొడుకు వినయంగా తల ఊపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత, "వాళ్ళు వంద చెబుతారు. పిల్లలకేమైనా అయితే వచ్చి చూస్తారా?" అన్నాడు. "పట్టీలు ఉండనీ."

*

శుక్రవారం తెల్లవారి, పిల్లలు ఇంకా లేవకముందే, చిన్నకోడలు బకెట్టుతో గోరువెచ్చని నీళ్ళు, రెండు గుడ్డలు, తన మడత బద్ద పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. నర్సమ్మ ఇచ్చిన మాస్కు పెట్టుకుని, రేకు నొక్కుకుని, చెయ్యి అడ్డం పెట్టి ఊది చూసుకుంది. స్టూలెక్కి తడిగుడ్డని పట్టీ పొడుగునా అద్దింది.

"ఎవరది?" లోపలి నుంచి.

"నేనే మామగారూ."

"తడిపావా?"

"తడిపాను."

"అయితే తొందరపడకు. పావుగంట నాననీ. మైదా జిగురుది మంచి గుణం, నీళ్ళు తగిలితే మాట వింటుంది. మూలనుంచి ఎత్తు."

ఆమె పావుగంట ఆగింది. మూలనుంచి బద్ద దూర్చి ఎత్తింది. పట్టీ రెండు వేళ్ళ మేర లేచి మళ్ళీ పట్టేసింది.

"రావట్లేదు కదూ?" లోపల మామగారి గొంతులో ఒకలాంటి గర్వం ధ్వనించింది. "మంచి పని చేశాడు వెధవ. నేనే నేర్పాను."

ఆ మాటకి ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇంకోసారి తడుపుదామని వంగేసరికి బకెట్టు అక్కడ లేదు. మొగుడు పట్టుకుని నిలబడ్డాడు. నిద్రమొహం, చెదిరిన జుట్టు. రెండో గుడ్డ పిండి, కిటికీ రెండో వైపు తడపడం మొదలుపెట్టాడు. ఆమె ఏమీ అడగలేదు. అడిగితే మళ్ళీ వసారాలోకి పారిపోతాడేమోనని భయం.

పట్టీలన్నీ ఊడి తాళ్ళలా కిందపడ్డాక, ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లాగారు. రెక్కలు కీచుమంటూ తెరుచుకున్నాయి. లోపలి గాలి బయటికి వచ్చింది, బయటి వెలుతురు లోపలికి పోయింది. మామగారు మంచం మీద మాస్కుతో కూర్చుని ఉన్నారు. ఆ వెలుతురుకి కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

చప్పుడుకి పెద్దకొడుకు లేచి వచ్చాడు. కింద పడున్న పట్టీలు చూశాడు.

"ఎవరు తియ్యమన్నారు?"

"నర్సమ్మ," అంది చిన్నకోడలు స్టూలు మీద నుంచే.

"ఈ ఇంట్లో నర్సమ్మ ఉంటోందా, నేనుంటున్నానా? రేపు..." అతనికి దగ్గు వచ్చింది. వంగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గాడు. లేచేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి. "రేపు మళ్ళీ అతికిస్తాను. చూస్తా ఎలా తీస్తావో."

"జిగురు కాచేది నేను, బావగారూ," అంది ఆమె. ఈసారి అనుకున్నది అనేసింది. "కిటికీల కోసం కాచను."

పెద్దకొడుకు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు గుడ్డ పిండుతున్నాడు. పిండడానికి అందులో నీళ్ళు లేవు, అయినా పిండుతున్నాడు. కానీ అక్కడినుంచి కదల్లేదు.

*

సోమవారం పొద్దున నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక గదికి వెళ్ళలేదు. ముందు గదిలోనే అందర్నీ కూర్చోమంది. వచ్చీ రాగానే తన మొహానికి మాస్కు పెట్టుకుని, ఒక మాస్కు పెద్దకొడుక్కి ఇచ్చింది. అప్పుడే చిన్నకోడలికి సగం అర్థమైంది.

శుక్రవారం అందరూ వెళ్ళి తీయించుకున్న ఎక్స్‌రేల్లో పిల్లలవి బాగున్నాయి. పెద్దకోడలిది, చిన్నకొడుకుది బాగున్నాయి. "నీది కూడా బాగుందమ్మా," అంది నర్సమ్మ చిన్నకోడలితో. "కొన్ని నెలల తర్వాత మళ్ళీ చూద్దాం. ఇప్పటికైతే భయం లేదు." చిన్నకోడలు ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి వదిలింది. వారం రోజులుగా ఆమె లెక్కపెట్టకుండా వదిలిన మొదటి ఊపిరి అదేనేమో.

"మీకు ఉంది," అంది నర్సమ్మ పెద్దకొడుకుతో. "కఫంలో కనిపించింది. మీ నాన్నగారిదే, అదే రకం."

"నేను ఆయన గదిలోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు!" అన్నాడు పెద్దకొడుకు. అన్యాయం జరిగిపోయినవాడిలా అన్నాడు. "ఒక్కసారి కూడా!"

"ఈ వారం వెళ్ళలేదు. అంతకుముందు ఆర్నెల్లు?" నర్సమ్మ చుట్టూ చూసింది. మూసిన నిలువెత్తు కిటికీలు, ప్రెస్సు, ఎదురెదురుగా రెండు పీటలు, వాటి మీద అరిగిన గుంటలు. "ఇక్కడే కదా కూర్చునేవారు ఇద్దరూ? ఈ కిటికీలు ఇలాగే మూసుకుని?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో అందరూ చేసేదే. ఈ ఇంట్లో ఆ ఆకుల్ని జిగురు పెట్టి అతికించారు, అంతే తేడా. పెద్దకొడుకు తన పీట వైపు చూశాడు, నాన్న పీట వైపు చూశాడు. మనిషి ఉన్నచోటే చిన్నవాడైపోయాడు. అతనంటే ఏళ్ళ తరబడి బెదిరిన చిన్నకోడలికి కూడా జాలి కలిగింది.

"మందులున్నాయి, తగ్గుతుంది. తొందరగా దొరికింది, అది అదృష్టం," అంది నర్సమ్మ. "అందాకా వేరే గదిలో ఉండాలి."

"ఏ గది?" పెద్దకోడలు అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇప్పుడు తీసేసింది. "ఆ అట్టల గదా? అందులోనా? ఆ కొట్టులో మనిషన్నవాడు ఎలా ఉంటాడు? ఒక మూల కిటికీ, చుట్టూ అట్టలు. ఊపిరాడక చచ్చిపోతాడు మనిషి!"

నడవా చివర నుంచి మామగారి దగ్గు వినబడింది. దగ్గి, దగ్గి, ఆగింది. పెద్దకోడలు తను అన్న మాట తనే విన్నట్టు చూసింది.

పెద్దకోడలికి ఇవ్వాల్సిన జవాబులు చిన్నకోడలు ఈ వారమంతా మనసులో తయారు చేసుకుంటూనే ఉంది. పదునైనవే దొరికాయి. తీరా సమయం వచ్చాక వాటిలో ఒక్కటీ అవసరం పడలేదు. లేచి, ఎడమ వైపు కిటికీ గడియ పట్టుకుని లాగింది. తుప్పు పట్టి రాలేదు. మొగుడు వచ్చి ఇనుప బద్దతో గడియని కొట్టాడు. ఒక కిటికీ తెరుచుకుంది, తర్వాత ఎదుటిది తెరుచుకుంది. గాలి ఒక వైపు నుంచి వచ్చి రెండో వైపుకి పోయింది. బల్ల మీద విప్పి పెట్టిన ఫారాలు లేచి గదంతా ఎగిరాయి. పెద్దకొడుకు కాళ్ళ దగ్గర ఒక కాయితం పడింది. అతను దాన్ని చూస్తూ కూర్చున్నాడే గానీ, కిటికీ మూయమని అనలేదు.

*

మధ్యాహ్నానికల్లా ప్రెస్సు తప్ప పని సామానంతా వెనక పెరట్లోకి, రేకుల పందిరి కిందికి చేరింది. కాయితాల మీద ఇనుప దిమ్మెలు పెట్టారు. ముందు గదిలో రెండు కిటికీల కిందా రెండు మంచాలు వేశారు. ఒక దాని మీద తండ్రి, ఒక దాని మీద కొడుకు. వసారా వైపు తలుపు తీసి ఉంది. పొద్దున చిన్నకోడలు పాలు ఇచ్చింది. మధ్యాహ్నం భోజనం ఆమె మొగుడు తీసుకెళ్ళాడు. మాస్కు రేకు మూడుసార్లు నొక్కుకుని, భార్య చేత పరీక్ష చేయించుకుని మరీ వెళ్ళాడు.

సాయంత్రం అయిదింటికి పెద్దకోడలు రెండు పళ్ళేలు సర్దింది. అలవాటు కొద్దీ అలమరలోంచి గోళ్ళ రంగు సీసా తీసి, మూత విప్పింది. మొగుడి పళ్ళెం అంచు మీదికి కుంచె తీసుకెళ్ళి, అక్కడే ఆగిపోయింది. చిన్నకోడలు సీసా ఆమె చేతిలోంచి తీసుకుని, మూత బిగించి, అలమరలో పెట్టేసింది.

"నువ్వు తీసుకెళ్ళవే," అంది పెద్దకోడలు పళ్ళేలు ముందుకి జరుపుతూ. "నీకు అలవాటైంది."

"పొద్దున నేను వెళ్ళాను, మధ్యాహ్నం ఆయన వెళ్ళారు. ఇప్పుడు నీ వంతక్కా."

"నాకు సుగరు. పిల్లలు..."

"తెలుసు. సుగరుంటే మాస్కు ఇంకా గట్టిగా పెట్టుకోమంది నర్సమ్మ, ఎక్కువసేపు ఉండొద్దంది. పెట్టి వచ్చెయ్. కిటికీలు తీసే ఉన్నాయి." చిన్నకోడలు గొంతు పెంచలేదు. "పిల్లలు లేకపోయినా నాకున్నవీ రెండు ఊపిరితిత్తులే అక్కా. మూడోది లేదు."

పెద్దకోడలు మొహం ఎర్రబడింది. ఏడుస్తుందేమో అనిపించింది. ఏడవలేదు. తనే మాస్కు అందుకుంది గానీ తాళ్ళు తల వెనక ఎలా వెయ్యాలో తెలియక తికమక పడింది. చిన్నకోడలు వచ్చి, పై తాడు పైకి, కింద తాడు కిందికి సర్ది, ముక్కు మీది రేకుని రెండు వేళ్ళతో నొక్కింది. చెయ్యి అడ్డం పెట్టి, "ఊదు," అంది. పక్కలనుంచి గాలి తగిలింది. "పోతోంది. మళ్ళీ." ఇంకోసారి నొక్కింది. "ఇప్పుడు ఊదు." తోడికోడలి మొహం ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. కళ్ళ కింద నల్లటి చారలున్నాయి.

"సరిపోయింది. వెళ్ళు."

పెద్దకోడలు వసారా చుట్టూ తిరిగి వెళ్ళింది. నిమిషం దాటలేదు, వచ్చేసింది. వచ్చి, వంటింటి గుమ్మంలో మాస్కు తియ్యకుండానే నిలబడింది.

"మీ బావగారు బాగానే ఉన్నారు. పళ్ళెం అందుకున్నారు," అంది. ఆగింది. "మామగారే... నన్ను చూడగానే గోడకి తిరిగిపోయారు. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు. పలకలేదు కూడా." "నా మీద చాలా కోపంగా ఉన్నట్టుంది. ఉండదూ మరి."

చిన్నకోడలు చేతిలో గిన్నె కింద పెట్టింది.

"కోపం కాదక్కా. మన మీద ఊపిరి పడకూడదని. ఎవరు వెళ్ళినా అలాగే తిరుగుతారు." ఆమె ఒక క్షణం ఆగి, మిగతా మాట కూడా అనేసింది. "పిల్లలున్నవాళ్ళైనా, లేనివాళ్ళైనా."

పెద్దకోడలు మళ్ళీ వసారా వైపు వెళ్ళి, వచ్చేటప్పుడు భయంతో దగ్గరగా లాగేసిన ఆ గది తలుపుని బార్లా తీసి, అది కదలకుండా ఒక ఇనుప దిమ్మె అడ్డం పెట్టింది.